తారిణి ఆగిన రేవు

మాదిపాడు రేవులో కృష్ణ దాటడమే గొప్ప ప్రయాణమనుకునే మా అచ్చంపేటవారికి ‘తారిణి’ కథ చెప్పి తీరాలి. 2017 సెప్టెంబరు 10న ఆరుగురు నౌకాదళ అధికారిణులు 55 అడుగుల ఆ తెరచాప పడవలో గోవానుంచి భూప్రదక్షిణకు బయలుదేరారు. విశాఖపట్నం స్వాతి, హైదరాబాదు ఐశ్వర్య వారిలో మన తెలుగు ఆడపడుచులు. 254 రోజుల్లో 199 రోజులు నీళ్లమీదే! తక్కినవి రేవుల్లో. రేవంటే విశ్రాంతి అనుకునేరు. సరుకులు నింపుకోవడం, మరమ్మతులు—అంతా అక్కడే.

తీరా ఇల్లు చేరవచ్చిన వేళ, 2018 ఏప్రిల్‌లో, చుక్కాని తిప్పే సాధనం చెడింది. చుక్కాని మాట వినని పడవ సంగతి వేరే చెప్పాలా? అనుకోని మజిలీగా మారిషస్‌లోని పోర్ట్ లూయీ రేవులో ఆగవలసివచ్చింది.

పంతొమ్మిదో శతాబ్దంలో చెరకుతోటల కూలీలుగా మనవారు ఓడలు దిగిన రేవే అది. మన కోరంగి రేవు పేరనే వారిని అక్కడ ‘కోరంగీలు’ అన్నారు. వారిలో ఎందరో మళ్లీ సొంతవూరి ముఖం చూడలేదు. ఈ అమ్మాయిలు మాత్రం పడవ బాగుచేయించుకొని, మే 21న గోవాలో దిగారు.