స్క్రోల్‌ను పసిగట్టే విద్య: ఒక డేటాబేస్ ఫారం కథ

మైక్రోసాఫ్ట్ సంస్థ 1992లో విడుదల చేసిన యాక్సెస్ డేటాబేస్ సాఫ్ట్‌వేరులో, అనేక రికార్డులను ఒకదాని కింద ఒకటిగా చూపే ఫారాన్ని ‘కంటిన్యువస్ ఫారం’ అంటారు. దీనిని తయారుచేసేవారు ఒక్క వరుసనే రూపొందిస్తారు, ఆ వరుసనే సాఫ్ట్‌వేరు ప్రతి రికార్డుకూ మళ్ళీ మళ్ళీ గీస్తుంది. అందువల్ల తెరమీద ఇరవై వరుసలు కనిపిస్తున్నా, ప్రోగ్రాముకు నేరుగా అందేది కర్సర్ ఉన్న ఆ ఒక్క వరుసే, అంటే ‘ప్రస్తుత రికార్డు’ మాత్రమే. కర్సర్ మరొక రికార్డుకు మారినప్పుడు ‘కరెంట్’ అనే ఈవెంట్, అంటే ఏదో జరిగిందని ప్రోగ్రాముకు అందే కబురు, వెలువడుతుంది. కాని పక్కనున్న స్క్రోల్‌బార్‌ను పట్టుకొని లాగితే వరుసలు జరుగుతాయే తప్ప ప్రస్తుత రికార్డు మారదు కనుక, ప్రోగ్రాముకు ఏ కబురూ అందదు.

చూపును, ఎంపికను ఇలా వేరుచేయడం సరైన నిర్ణయమే, ఎందుకంటే కిందనున్న రికార్డులను ఒకసారి చూసి, వదిలిన చోటికే వచ్చి టైపు కొనసాగించడం దీనివల్లనే సాధ్యమవుతుంది. లోపమంతా చూపు కదిలిన సంగతిని చెప్పకపోవడంలో ఉంది. పక్కపక్కన ఉన్న రెండు ఫారాలు కలిసి జరగాలన్నా, ప్రస్తుత వరుస పక్కన ఉంచిన బొత్తాము ఆ వరుసతోపాటే కదలాలన్నా ఆ సంగతి తెలిసి తీరాలి.

దీనికి ప్రోగ్రామర్లు కనిపెట్టిన ఉపాయం కొలతమీద ఆధారపడింది. ప్రస్తుత వరుస ఫారం పైఅంచుకు ఎంత దూరంలో ఉందో ‘కరెంట్ సెక్షన్ టాప్’ అనే గుణం ట్విప్పులలో చెబుతుంది. ట్విప్ అంటే అంగుళంలో 1440వ వంతు. శీర్షిక భాగం లేని ఫారంలో ఒక్కో వరుస పావు అంగుళం, అంటే 360 ట్విప్పుల ఎత్తు ఉండి, కర్సర్ అయిదో వరుసలో ఉంటే ఆ దూరం 1440 అవుతుంది, మూడు వరుసలు పైకి జరిగితే 360కి తగ్గుతుంది. టైమర్ సాయంతో సెకనుకు అయిదుసార్లు ఈ దూరాన్ని, రికార్డు సంఖ్యను కలిపి చూస్తూ, సంఖ్య మారకుండా దూరం మాత్రమే మారితే స్క్రోల్ జరిగిందని తేల్చుకోవచ్చు. ఎవరూ మౌస్ ముట్టని వేళల్లో కూడా ఈ కొలత సాగుతూనే ఉండాలి, అయినా ఉన్నవాటిలో నమ్మదగిన మార్గం ఇదే.

నిజానికి స్క్రోల్‌బార్‌ను కదిపినప్పుడల్లా విండోస్ సంబంధిత విండోకు ఒక సందేశం పంపుతూనే ఉంటుంది. దానిని యాక్సెస్ తన పనికి వాడుకొని, ఫారం రాసినవారికి అందించదు. ఆ సందేశాన్ని దారిలోనే అందుకొనే పద్ధతిని ‘సబ్‌క్లాసింగ్’ అంటారు. సందేశాలన్నీ తన గుండా ప్రవహిస్తున్న వేళ ఆ కోడ్ ఏదైనా దోషం వల్ల ఆగిపోతే యాక్సెస్ మొత్తం కుప్పకూలి, భద్రపరచని పని పోయే ప్రమాదం ఉంది.

ఇంతలో మౌస్ కూడా మారింది. ఎక్సెల్‌లోని పెద్ద పట్టికల మధ్య తిరగడానికి జనం పడే అవస్థను గమనించిన మైక్రోసాఫ్ట్ ఇంజనీరు ఎరిక్ మిచెల్‌మన్ 1993లో మొదలుపెట్టిన ప్రయోగాలు, 1996లో చక్రం ఉన్న ఇంటెలిమౌస్‌గా ఫలించాయి. తరువాతి కూర్పులలో యాక్సెస్‌కు ‘మౌస్‌వీల్’ ఈవెంట్ చేరి, చక్రం ఎన్ని పంక్తుల మేర తిరిగిందో చెప్పసాగింది, కాని స్క్రోల్‌బార్‌ను లాగినప్పుడు అదీ మౌనమే.

వెబ్ బ్రౌజర్లలో కష్టం ఇందుకు విరుద్ధం. అక్కడ స్క్రోల్ ఈవెంట్లు ఎడతెరిపి లేకుండా వస్తాయి, ఒక్కోదానికీ కొలతలు తీస్తే పేజీ మందగిస్తుంది. 2016లో క్రోమ్‌లో వచ్చిన ‘ఇంటర్‌సెక్షన్ అబ్జర్వర్’ ఈ భారాన్ని బ్రౌజరుకే అప్పగించింది. జాబితా చివర ఒక ఖాళీ గుర్తును ఉంచితే, అది కనుచూపులోకి వచ్చినప్పుడు బ్రౌజరే తెలియజేస్తుంది, ప్రోగ్రాము అప్పుడు తరువాతి రికార్డులను తెప్పించుకుంటుంది.