పీపాలోంచి నేరుగా గ్లాసులోకి

మన వారాంతపు విందుల్లో తరచు వినబడే మాట "బారెల్ ప్రూఫ్". ఇంటాయన బీరువాలోంచి సీసాను రెండు చేతులా పట్టుకొచ్చి, "ఇది మామూలుగా దొరకదండీ, లిమిటెడ్ రిలీజ్" అంటారు. అందరూ లేబుల్ చూస్తారు. దానిమీది ముఖ్యమైన అంకెను మాత్రం చాలామంది పట్టించుకోరు.

బోర్బన్ అమెరికా సొంత విస్కీ. చట్టం ప్రకారం అందులో వాడే ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి. లోపలివైపు కాల్చిన కొత్త ఓక్ పీపాలోనే నిలవ ఉంచాలి. మన ఆవకాయ జాడీ పచ్చడికి తన రుచేమీ ఇవ్వదు; ఈ పీపా ఇస్తుంది. కెంటకీ ఎండలకు మద్యం చెక్కలోకి ఇంకుతుంది, చలికి వెనక్కి వస్తుంది. రంగూ, వనిల్లా వాసనా, తీపీ ఆ రాకపోకల్లో చేరినవే. ఏటా కొంత ఆవిరైపోతుంది, దాన్ని "దేవదూతల వాటా" అంటారు. వేడెక్కే పై అంతస్తుల్లో ఆల్కహాల్ కన్నా నీరే ఎక్కువగా పోతుంది. అందుకే పీపాలో పోసేటప్పుడు 62.5 శాతం మించకూడని ఘాటు, ఏళ్లు గడిచాక అంతకన్నా పెరగవచ్చు. మామూలు సీసాలకు నీళ్లు కలిపి ఘాటు తగ్గిస్తారు. బారెల్ ప్రూఫ్‌కు ఆ పని చెయ్యరు.

పిల్లల కోసం ఒక ముచ్చట: ఒకసారి వాడిన పీపా మళ్లీ బోర్బన్‌కు పనికిరాదు. చాలా పీపాలు స్కాచ్ విస్కీ కోసం స్కాట్లాండ్ చేరతాయి. మీరు పీజాపై చల్లుకునే టబాస్కో సాస్‌లోని మిరప ముద్ద కూడా పాత విస్కీ పీపాల్లోనే ఊరుతుంది!

హెవెన్ హిల్ సంస్థ తెచ్చే ఎలైజా క్రెయిగ్ బారెల్ ప్రూఫ్‌నే చూడండి. 2013లో మొదలై ఏటా మూడు విడతలుగా వస్తోంది. లేబుల్‌పై "సి923" అని ఉంటే మూడో విడత, తొమ్మిదో నెల, 2023 అని అర్థం. దాని వయసు 13 ఏళ్ల 7 నెలలు, ఘాటు 133 ప్రూఫ్. సగం చేస్తే శాతం వస్తుంది: 66.5. (క్రెయిగ్ 18వ శతాబ్దపు మతబోధకుడు. పీపాలు కాల్చడం ఆయనే కనిపెట్టాడన్న కథకు ఆధారం లేదు, అమ్మకాలకు మాత్రం బాగా పనికొచ్చింది.)

రుచి చూడటానికి 15 మి.లీ. చాలు. గ్లాసును పది నిమిషాలు అలా వదిలెయ్యండి. ముక్కు లోపల దూర్చకుండా, నోరు కాస్త తెరిచి దూరం నుంచే వాసన చూడండి. తొలి చుక్కకు నాలుక మండుతుంది. అది రుచి కాదు. రెండో చుక్కకు పాకం పట్టిన పంచదార, దాల్చినచెక్క, ఓక్ వగరు తెలుస్తాయి. ఇప్పుడు ఒక చెంచా, అంటే 5 మి.లీ. నీళ్లు కలపండి. ఘాటు దాదాపు 50 శాతానికి దిగి, దాగిన వాసనలు బయటికొస్తాయి. నీళ్లు కలపడం నామోషీ ఏమీ కాదు. కంపెనీ చేసే పనినే మీరు మీ కొలతకు చేసుకుంటున్నారు.

చిక్కల్లా మన చేతి అలవాటుతోనే. ఇండియాలో 42.8 శాతం విస్కీకి అలవాటైన 60 మి.లీ. పెగ్గునే ఇక్కడా పోస్తాం. అమెరికా లెక్కలో ఒక డ్రింక్ అంటే 40 శాతం మద్యం 44 మి.లీ. ఈ సీసాలోంచి 60 మి.లీ. పోస్తే ఒక్క పెగ్గే రెండు డ్రింకులు దాటుతుంది. "ఇంకొక్కటి" అంటే నాలుగున్నర! అతిథి మాత్రం "రెండేగా తాగింది" అని నిజంగానే నమ్మి, వెనక సీట్లో పిల్లల్ని పడుకోబెట్టి కారు తీస్తాడు. రక్తంలో ఆల్కహాల్ హద్దు చాలా రాష్ట్రాల్లో 0.08 శాతం, యూటాలో 0.05. వీసాపై ఉన్నవారికి మరో గండం: 2015 నుంచి అమలులో ఉన్న విధానం ప్రకారం, తాగి నడిపినందుకు అరెస్టయితే చాలు, నేరం రుజువు కాకముందే వీసా రద్దు చేయవచ్చు. కనుక ఇంటివారు కొలగ్లాసు దగ్గర పెట్టుకుని, శాతం ఎంతో పైకి చెప్పి, కారు ఎవరు నడుపుతారో తేలాకే మూత తియ్యాలి.

ఇక ఇండియాలోని మామయ్యగారికి పట్టుకెళ్లే సంగతి. 140 ప్రూఫ్, అంటే 70 శాతం దాటిన మద్యాన్ని విమానంలో చెక్-ఇన్ పెట్టెలోనూ పెట్టనివ్వరు. జార్జ్ టి. స్టాగ్ వంటివి కొన్ని ఏళ్లలో ఆ గీత దాటాయి, అందుకే అభిమానులు వాటిని "హాజ్‌మ్యాట్" అని ముద్దుగా పిలుస్తారు. సి923కి ఆ ఇబ్బంది లేదు. ఇండియాలో సుంకం లేకుండా పెద్దవారు ఒక్కొక్కరు రెండు లీటర్లు తీసుకెళ్లవచ్చు. 750 మి.లీ. సీసాలు రెండు సరిపోతాయి. మూడోదానికి కస్టమ్స్‌లో సుంకం కట్టాలి.