విష్ణుచిత్తుని వేసవి విందు

మన కావ్యాలలో భోజన వర్ణనలకు కొదవ లేదు. కాని శ్రీవిల్లిపుత్తూరు విష్ణుచిత్తునివలె ఋతువు నెరిగి వడ్డించిన గృహస్థు మాత్రం అరుదు. 1509 నుంచి 1529 వరకు విజయనగరాన్ని ఏలిన శ్రీకృష్ణదేవరాయలు ‘ఆముక్తమాల్యద’ ప్రథమాశ్వాసంలో ఆయన అతిథి సేవను వర్ణిస్తూ వానకాలానికి ఒక విస్తరి, వేసవికి ఒక విస్తరి, చలికాలానికి ఒక విస్తరి వేరువేరుగా పరిచారు.

వేసవి అతిథికి ముందుగా మేన చందనం పూస్తారు. ఆ తరువాత నులివెచ్చని అన్నం, తియ్యని చారు, పలుచని అంబలి, చెరకు రసం, లేత కొబ్బరినీరు, పండ్లు, పరిమళించే చల్లని నీరు, వడపిందెలు, నీరుమజ్జిగ. పొగలు గ్రక్కే వంటకం ఒక్కటి లేదు. పలు పదార్థాలు తోటలోనుంచి వచ్చినవే.

ఈ పద్యాన్ని ఇరవై ఏళ్లకు పైగా తరగతిలో చెబుతూ వచ్చాను. గత సంవత్సరం ఒక విద్యార్థిని లేచి, “వడపిందె అంటే ఏమిటి మాస్టారూ?” అని అడిగింది.

“ఊరవేసిన మామిడి పిందె అమ్మా.”

“ఎట్లా ఊరవేస్తారండీ? రుచి ఎట్లా ఉంటుంది?”

నావద్ద సమాధానం లేదు. చిన్ననాడు తిన్న జ్ఞాపకం లీలగా ఉన్నది, అంతే. ఇరవై ఏళ్లుగా మాటకు మాట అప్పగిస్తున్నానే గాని, వస్తువును చూపిన పాపాన పోలేదు. ఆ సాయంకాలం సిగ్గుతోనే ఇంటికి చేరుకొన్నాను.

మా పెరటిలో ఒక మామిడి చెట్టు ఉన్నది. అది చైత్రమాసం. చెట్టు తాను మోయలేని పిందెలను తానే రాల్చుకొంటున్నది. రాలినవాటిని ఏరి, కడిగి, జాడీలో పోసి, గుప్పెడు ఉప్పు చల్లి మూత పెట్టాను. అయిదవ రోజున మూత తీస్తే తెల్లని బూజు! ఎనభై దాటిన మా అమ్మ జాడీలోకి తొంగి చూచి, “పద్యానికి ప్రతిపదార్థం చెప్పడం వచ్చును గాని, పిందెకు తడి తుడవడం రాలేదురా నీకు!” అన్నది.

మరునాడు ఆమె దగ్గరుండి చేయించింది. నేలరాలినవి దెబ్బ తిని ఉంటవి, అవి పనికిరావు. జీడి ముదరని పిందెలను తొడిమతో కోయాలి. కడిగి, పొడిగుడ్డతో ఒక్కొక్కదానిని తుడిచి, నీడలో పరచాలి. “కాస్త వడలనీ. వడలితే కదా వడపిందె!” అన్నది. వ్యాఖ్యానాలలో వెదకిన నాకు ఆ మాట ముంగిట్లో దొరికింది. నాలుగు కొలతల పిందెలకు ఒక కొలత కల్లుప్పు చొప్పున పొరలు పొరలుగా వేసి, రోజూ ఒకసారి జాడీని కుదపాలి. ఉప్పు పిందెలోని నీటిని వెలికి లాగుతుంది. రెండు మూడు రోజులలో ఊట పైకి వస్తుంది. ఆ చిక్కని ఉప్పునీటిలో పిందెలు మునిగి ఉన్నంతకాలం బూజు దరిచేరదు. నెల తిరిగేసరికి చర్మం ముడుతలు పడి, పులుపూ ఉప్పూ ఏకమై, మజ్జిగ అన్నానికి అంతకు మించిన తోడు లేదనిపిస్తుంది.

ఇందులో మిరపకాయ లేదు సుమా! మిరప అమెరికా ఖండాలలో పుట్టిన పంట. పోర్చుగీసువారి ఓడలతో మన దేశానికి వచ్చింది. రాయలవారి విస్తరులలో దాని ఊసే లేదు. ఎర్రని ఆవకాయకు అలవాటుపడిన మన నాలుకకు వడపిందె అంతకు మునుపటి రుచిని చూపుతుంది.

ఆ పద్యంలోని తక్కిన చలువ పదార్థాలు కూడ పెరడు ఉన్నవారికి దుర్లభం కావు. నీరుమజ్జిగలో రెండు దబ్బాకులు నలిపి వేసి, కొంచెం అల్లం, ఉప్పు చేర్చి, కాసేపటికి ఆకులు తీసివేస్తే చాలును. ఆకులోని తైలం మజ్జిగకు పరిమళాన్ని ఇస్తుంది. పరిమళజలం కావాలంటే మట్టికుండలో శుభ్రపరచిన వట్టివేళ్లు వేయవచ్చును. కుండ చెమర్చి, ఆ చెమ్మ ఆవిరి అవుతూ లోపలి వేడిని హరిస్తుంది. రాయలు చెప్పనిది ఒకటి మా ఇంట ఉన్నది. పుల్లని మామిడికాయను ఉడికించి, గుజ్జు తీసి, బెల్లం, ఉప్పు, వేయించిన జీలకర్ర పొడి కలిపి, కుండనీటితో పలుచన చేస్తాము. చెమటతో పోయేది నీరు మాత్రమే కాదు, ఉప్పు కూడ. అందుకే ఎండనపడి వచ్చినవారికి ఈ పానీయం వెంటనే ప్రాణం లేచివచ్చినట్లు చేస్తుంది.

వేసవి తోట ఇచ్చినదంతా వేసవిలోనే తినివేయరు. రాయలు వర్ణించిన వానకాలపు విస్తరిలో వరుగులూ వడియాలూ ఉన్నవి. జడివానలో అవి ఎక్కడినుంచి వచ్చినవి? వేసవి ఎండలోనుంచి. గోరుచిక్కుడు, వంకాయ, కాకర ముక్కలు డాబాల మీద ఎండితేనే ముసురు పట్టిన నాడు కూరకు దిక్కు. ఒక పద్యంలోని ఎండ మరొక పద్యంలోని విస్తరిని నింపుతున్నది. అన్ని ఏళ్లు పాఠం చెప్పిన నాకు ఈ సంబంధం జాడీ పెట్టిన తరువాతనే స్ఫురించింది.

వడపిందెలను ఒక చిన్న సీసాలో తరగతికి తీసుకొనిపోయాను. తలా ఒకటి తిన్నారు. ప్రశ్న వేసిన అమ్మాయి కళ్లు మూసుకొని పులుపును ఓర్చుకొని, “ఇప్పుడు అర్థమైంది మాస్టారూ” అన్నది. వానకాలపు పద్యం చెప్పిన రోజున ఆమె తన అమ్మమ్మ ఎండబెట్టిన వంకాయ వరుగులను కాగితంలో పొట్లం కట్టి తెచ్చింది. ఆనాడు నేను అర్థం చెప్పవలసిన పని లేకపోయింది.

ఈ సంవత్సరం అమ్మకు చూపు బాగా మందగించింది. పిందెలను నేనే తుడిచాను. జాడీలో వేయబోయే ముందు ఆమె చేయి చాచి ఒక్కొక్కదానిని వేళ్లతో తడిమి చూచింది. రెండింటిని మాత్రం తిరిగి నా చేతిలో పెట్టింది. వాటి తొడిమల దగ్గర తడి మిగిలి ఉన్నది.