డ్రాప్ ఎక్కడమ్మా?

జగిత్యాల బస్సు జూబ్లీ బస్ స్టేషన్‌లో ఆగుతుంది. చేతిలో బియ్యం సంచి, పచ్చడి సీసాలు, కొంగు పట్టుకుని పిల్లలు. ఫోన్‌లో కారు బుక్ చేస్తాం. డ్రైవర్ ఫోన్ చేసి "డ్రాప్ ఎక్కడమ్మా?" అంటాడు. ఘట్‌కేసర్ అనగానే "క్యాన్సిల్ చేసుకోండమ్మా" అని పెట్టేస్తాడు. ఒళ్ళు మండదూ మరి! మా గొల్లపల్లి నుంచి హైదరాబాద్ వెళ్ళే ఆడవాళ్ళలో ఈ అనుభవం లేనివాళ్ళు తక్కువ. డబ్బులిస్తామన్నా రానంటాడేమిటని తిట్టుకుంటాం. కానీ ఆ ఒక్క ప్రశ్న వెనకాల పెద్ద లెక్కే ఉందండీ.

నాకు మరిది వరసయ్యే అబ్బాయి ఒకడు హైదరాబాద్‌లో కారు నడుపుతాడు. పండక్కి ఊరికి వచ్చినప్పుడు అడిగితే ఒక్క ముక్కలో తేల్చేశాడు. "వదినె, పోయే కిరాయి కాదు, తిరిగొచ్చే కిరాయి చూసుకోవాలె."

ఉదాహరణకు 20 కిలోమీటర్లకు 400 రూపాయలు వచ్చిందనుకోండి. దిగిన చోట మళ్ళీ గిరాకి దొరికితే అది మంచి బేరమే. దొరక్కపోతే ఖాళీ బండితో 20 కిలోమీటర్లు వెనక్కి రావాలి. అంటే 40 కిలోమీటర్ల ఇంధనం కాల్చి 400 రూపాయలు! అందులోనే కంపెనీ కమీషన్, బండి కిస్తీ, ఇంటికి పంపాల్సిన డబ్బూ. అందుకే ఎక్కే మనిషి కంటే దిగే చోటే వాళ్ళకు ముఖ్యం.

మరి గిరాకి ఎక్కడుంటుందో ఎలా తెలుస్తుంది? మనకు పొయ్యి మీద పాలు ఎప్పుడు పొంగుతాయో తెలిసినట్టే, వాళ్ళకూ ఊరు ఏ వేళకు ఎటు కదులుతుందో తెలుస్తుంది. తెల్లవారుజామున సికింద్రాబాద్, కాచిగూడ, నాంపల్లి రైల్వే స్టేషన్లు, రాత్రి బస్సులు దిగే జూబ్లీ బస్ స్టేషన్, ఇమ్లీబన్. ఎనిమిదింటి నుంచి కూకట్‌పల్లి, మియాపూర్ లాంటి కాలనీలు, ఎందుకంటే ఉద్యోగస్తులంతా హైటెక్ సిటీకి, గచ్చిబౌలికి బయల్దేరతారు. మధ్యాహ్నం బేరాలు పలచబడతాయి. ఆసుపత్రుల దగ్గర ఎవరైనా దొరికితే సరి, లేకపోతే చెట్టు నీడన సద్ది విప్పుకోవడమే. సాయంత్రం ఐదు దాటాక మళ్ళీ హైటెక్ సిటీ వైపు పరుగు. కొందరైతే క్యాలెండర్‌లో ముహూర్తాలు చూసుకుని ఫంక్షన్ హాళ్ళ దగ్గర కాపు కాస్తారట! పంచాంగం మనకే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

శంషాబాద్ విమానాశ్రయం సంగతి వేరు. 2008 మార్చిలో బేగంపేట నుంచి విమానాలు అక్కడికి మారాక, ఊరికి దూరం కాబట్టి పెద్ద కిరాయి వస్తుంది. కానీ వరసలో నంబరు వచ్చేదాకా గంటలకొద్దీ పడి ఉండాలి. ఆ గంటల్లో ఊళ్ళో నాలుగు చిన్న బేరాలు చేసుకోవచ్చు కదా అని కొందరు, ఇంధనం కాల్చకుండా కూర్చోవడమే మేలని కొందరు. ఎవరి లెక్క వాళ్ళది.

ఇప్పుడు ఫోనే చెబుతుందిగా అంటారేమో. గిరాకి ఎక్కువున్న చోటు మ్యాపులో రంగులో కనిపిస్తుంది, అక్కడ కిరాయి కూడా పెరుగుతుంది. అయితే అది ఒక్కడికే కనిపించదుగా! ఆషాఢం సేల్ అనగానే అందరం ఒకే చీరల షాపుకి ఎగబడ్డట్టు, అందరూ అటే పరుగెత్తుతారు. చేరేసరికి పెరిగిన రేటు పడిపోతుంది. అందుకే ఆ రంగు వెంట పరుగెత్తడం మా మరిది మానేశాడు.

వాన పడితే కార్లు దొరకవెందుకు? దీని మీద అమెరికాలో పెద్ద చర్చే జరిగింది. న్యూయార్క్ టాక్సీవాళ్ళు రోజుకింత అని లెక్క పెట్టుకుని, అది రాగానే ఇంటికి పోతారని 1997లో రిచర్డ్ థేలర్, మరో ముగ్గురు పండితులు కలిసి రాశారు. ఈ థేలర్‌కే 2017లో నోబెల్ వచ్చింది. ప్రిన్స్‌టన్ ప్రొఫెసర్ హెన్రీ ఫార్బర్ దీన్ని ఒప్పుకోలేదు. ఐదేళ్ళ టాక్సీ లెక్కలు తిరగేసి 2015లో ఆయన తేల్చింది ఏమిటంటే, వానలో బండ్లు నత్తనడక నడుస్తాయి కాబట్టి గంటకు వచ్చే రాబడి పెరగదు, కొందరు బండి పక్కన పెట్టేస్తారు. నాకైతే ఈయన మాటే నిజమనిపిస్తుంది. మోకాలి లోతు నీళ్ళలో బండి ఆగిపోతే మెకానిక్ ఖర్చు ఎవరిస్తారు?

ఇక మా వైపు ఆటోల కథ ఇంకొకటి. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ లేదు. జగిత్యాలకు షేర్ ఆటోల్లో ఇరుక్కుని పోయేవాళ్ళలో సగం మనమే కదా. ఆ గిరాకి బస్సెక్కేసింది. ఆటోవాళ్ళు ధర్నాలు చేశారు కూడా. నిజం చెప్పాలంటే నాకు బస్సే హాయి, మిగిలిన డబ్బులు కూరగాయలకు వస్తాయి. కానీ మా వీధిలో ఆటో నడిపే అతని భార్య మాత్రం బీడీలు ఇదివరకటి కంటే రెట్టింపు చుడుతోంది. అది చూస్తూ చూస్తూ హాయి అని గట్టిగా అనలేను. అతనిప్పుడు రోడ్డు మీద అడ్డా వదిలేసి, బస్సు పోని లోపలి ఊళ్ళకు, బస్సుకూ బస్సుకూ మధ్య వేళల్లో తిరుగుతున్నాడు. మంగళవారం, శనివారం కొండగట్టు అంజన్న దగ్గరికి పోతాడు.

సరే, మళ్ళీ మన డ్రాప్ దగ్గరికి వద్దాం. ఒకప్పుడు ఎక్కడికో డ్రైవర్‌కు ముందుగా తెలిసేది కాదు. 2022లో ఊబర్‌వాళ్ళు మన దేశంలో దిగే చోటు ముందే చూపించడం మొదలుపెట్టారు. దాంతో ఫోన్లు కొంత తగ్గాయి. కానీ నచ్చని చోటైతే అసలు బుకింగే తీసుకోరు, మన ఫోన్‌లో ఆ చక్రం అలా తిరుగుతూనే ఉంటుంది.

కాబట్టి జూబ్లీ బస్ స్టేషన్‌లో దిగి ఘట్‌కేసర్ వైపు వెళ్ళాలంటే అక్కడే కారు కోసం నిలబడకండి. దగ్గర్లోని పరేడ్ గ్రౌండ్ స్టేషన్‌లో నాగోలు వైపు మెట్రో ఎక్కి ఉప్పల్‌లో దిగండి. అక్కడి నుంచి దూరం తక్కువ, ఆ వైపు ఇళ్ళున్న డ్రైవర్లు రాత్రి ఇంటి దారిలో గిరాకి కోసం చూస్తుంటారు కూడా. సంచులు మాత్రం రెండుకు మించనివ్వకండి, మెట్రో మెట్ల దగ్గర మోసేది మనమే!