రియో గ్రాండి లోయలోని వేడినీటి ఊట

భూగోళము చదువు బాలబాలికలు పటముమీద వ్రేలుంచి నదులను చూపుట త్వరగానే నేర్తురు. కాని నది రాతిని కోసికొని పోయిన చోట స్వయముగా నడచి చూచినప్పుడు గాని ఆ పాఠము మనస్సున నాటుకొనదు. అట్టి యవకాశము అందఱికిని దొరకదు. కావున అట్టి చోటు నొకదానిని ఈ పత్రికయందు వర్ణించి, అచ్చటి బాటవెంట చదువరులను మనస్సుతో నడిపింప దలచితిమి. అచ్చట చూడదగిన వింత ఒకటి కలదు. నేర్వదగిన హెచ్చరికయు ఒకటి కలదు.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో టెక్సాసు రాష్ట్రపు దక్షిణపు అంచున రియో గ్రాండి యను నది ప్రవహించుచున్నది. దాని పొడవు ఇంచుమించు 1,900 మైళ్లు. ఆ రాష్ట్రము పొడవునను ఆ నదియే అమెరికాకును మెక్సికోకును ఎల్ల. ఒక తావున నది దక్షిణముగా సాగి, మరల ఉత్తరమునకు మళ్లి, గొప్ప వంపు తిరుగును. ఆ వంపునుబట్టియే ఆ ప్రాంతమునకు బిగ్ బెండ్ అని పేరు వచ్చినది. 1944లో దానిని జాతీయ వనముగా నేర్పరచిరి. వనమని పేరే గాని అందు అధిక భాగము ఎడారి. ముండ్ల పొదలు, జెముడు జాతి మొక్కలు, సున్నపురాతి గుట్టలు, వానాకాలమున మాత్రమే పాఱెడు వాగులు - ఇవియే అచ్చటి సంపద.

ఆ సున్నపురాయి ఎట్లు వచ్చినది? కోట్ల సంవత్సరములకు పూర్వము ఆ దేశమంతయు సముద్రము క్రింద నుండెను. గవ్వలు, గుల్లలు మొదలగు జలజీవుల అవశేషములు అడుగున పొరలుపొరలుగా పేరుకొని రాయి యయ్యెను. నేడును ఆ రాతిలో గవ్వల యాకారములు కనబడుచుండును. పిమ్మట నేల పైకి లేచెను. నది తాను మోసికొనిపోవు ఇసుకను, గులకరాళ్లను ఆకురాయివలె వాడుకొని రాతిని అరగదీయుచు లోనికి దిగెను. ఆ వనమందే సాంటా ఎలీనా యను తావున లోయగోడలు 1,500 అడుగుల యెత్తున నిలువుగా నున్నవి. మెత్తని నీరు గట్టి రాతిని గెలిచినది బలముచేత గాదు, విడువని పనిచేత.

ఇక మన బాటకు వత్తము. టోర్నిల్లో యను వాగు రియో గ్రాండిలో కలియు చోట ఈ బాట మొదలగును. ఇది చుట్టుబాట, అనగా పోయిన దారినే తిరిగి రాక, ఏటి యొడ్డున పోయి, గట్టుమీదుగా మరల మొదటి తావునకే చేరుదుము. మొత్తము దూరము ఇంచుమించు ముప్పాతిక మైలు. మొట్టమొదట పాత అంగడియు తపాలా కచ్చేరియు నుండిన రాతికట్టడము కనబడును. దాని తరువాత ప్రయాణికులు దిగుటకై కట్టిన గదుల వరుస. అటుపిమ్మట ఎడమప్రక్క సున్నపురాతి చఱియ దగ్గఱకు వచ్చును. పూర్వవాసులగు ఆదిమజనులు దానిమీద ఎఱ్ఱని రంగుతో వ్రాసిన గుర్తులు నేటికిని చెఱగక యున్నవి. వానిని కన్నులతో చూడవలెనే గాని చేతితో తాకరాదు. వ్రేలి జిడ్డు రంగునకు శత్రువు. కుడిప్రక్క రెల్లుపొదల మాటున నది పాఱుచుండును.

కొంత దూరము పోగా నదిని ఆనుకొని ఒక చతురపు రాతి పునాది కనబడును. అదియే పాత స్నానగృహము. గోడలును కప్పును పోయి పునాది మాత్రము మిగిలినది. అందులో వేడినీరు అడుగునుండి ఊరి, నిండి, అంచు దాటి నదిలో పడుచుండును. ఒక ప్రక్క వేడినీరు, ఒక్క అడుగు అవతల చల్లని యేటినీరు! నది పొంగినప్పుడు ఈ పునాదియు మునిగిపోవును.

ఆ నీటి వేడిమి 105 ఫారన్‌హీటు డిగ్రీలు. ఈ వేడిమి ఎక్కడిది? భూమి క్రింద ఎవరును నిప్పు పెట్టలేదు. దగ్గఱ మండుచున్న అగ్నిపర్వతమును లేదు. భూమిలోనికి దిగినకొలది వేడి హెచ్చును. సాధారణముగా ఒక కిలోమీటరు లోతునకు 25 మొదలు 30 సెంటిగ్రేడు డిగ్రీల వఱకు పెరుగును. ఎప్పుడో కురిసిన వాననీరు రాతి పగుళ్లవెంట మిగుల లోతునకు ఇంకి, అచ్చటి వేడిని గ్రహించి, మఱియొక పగులు దొరకగానే పైకి వచ్చును. దారిలో రాతినుండి కరగిన లవణములను వెంట తెచ్చును. మన గోదావరి యొడ్డున భద్రాచలమునకు సమీపమున గల గుండాలలో ఇసుక త్రవ్వినచో వేడినీరు ఊరుట చదువరులలో కొందఱు చూచియే యుందురు. దేశములు వేఱైనను భూమి యొక్కటియే గదా.

ఇప్పుడు ఆ స్నానగృహమును కట్టిన మనుష్యుని కథ. జె. ఓ. లాంగ్‌ఫర్డ్ అను నతడు మిసిసిపీ రాష్ట్రమువాడు. బాల్యమునుండి చలిజ్వరము అతనిని విడువక పీడించెను. ఈ ఊట రోగములను మాన్పునని యెవరో చెప్పగా విని, 1909లో, చూడనైన చూడక ఆ నేలను ప్రభుత్వమువలన పొంది, భార్యను చిన్న కుమార్తెను వెంటబెట్టుకొని బండిమీద ఎడారి దాటి వచ్చెను. 21 దినములు ఆ నీట స్నానము చేసి, ఆ నీటినే త్రాగి, తనకు ఆరోగ్యము చిక్కినదని చెప్పెను. పిమ్మట వచ్చువారికి దినమునకు 10 సెంట్లు, 21 దినములకు 2 డాలర్లు రుసుముగా నేర్పరచెను. మెక్సికోలో 1910లో పుట్టిన విప్లవమువలన సరిహద్దున దోపిడులు హెచ్చగా ఆ కుటుంబము వెడలిపోయి, 1927లో మరల వచ్చెను. 1942లో వనమునకై ఆ నేలను అమ్మివేసిరి.

లాంగ్‌ఫర్డ్ అబద్ధమాడెనని మేము చెప్పము. కాని అతని మాటను పరీక్షింపక నమ్మవలెననియు చెప్పము. చలిజ్వరమునకు కారణము రక్తమందలి సూక్ష్మజీవి. అది దోమలో పెరుగునని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20వ తేదీన మన సికందరాబాదుననే కనుగొనెను. చర్మముమీద పోసిన వేడినీరు రక్తమందలి ఆ జీవిని చంపజాలదు. విశ్రాంతి, పొడిగాలి, నియమముగల జీవనము అతనికి మేలు చేసియుండవచ్చును. వేడినీరు అలసిన కండరములకును కీళ్లకును హాయి నిచ్చునుగాని వైద్యునికి బదులు కాజాలదు. జ్వరము వచ్చిన బిడ్డను ఊటలకు గాక ఆసుపత్రికి తీసికొని పోవలెను.

తుదకు హెచ్చరిక. మన దేహపు వేడిమి 98.6 డిగ్రీలు, ఊట దానికంటె వేడి. గాలిలో చెమట ఆఱి దేహము చల్లబడును. నీట మునిగినవానికి ఆ యుపాయము లేదు. కావున అందు కొద్దిసేపే కూర్చుండవలెను. తల ముంచరాదు; వెచ్చని మంచినీళ్లలో నుండు ఒక సూక్ష్మజీవి ముక్కుగుండ మెదడున ప్రవేశించి ప్రాణము తీయగలదు. నదిని దాటి అనుమతి లేక ఆవలి యొడ్డున అడుగు పెట్టరాదు. అది వేఱు దేశము.

అన్నిటికంటె పెద్ద శత్రువు ఎండ. ఆ వనమందే మరూఫో వేగా యను మఱియొక చుట్టుబాట కలదు. దాని పొడవు సుమారు 14 మైళ్లు; నీడయు నీరును లేవు. 2023 జూను నెలలో 119 డిగ్రీల యెండలో ఒక కుటుంబము దానిమీద నడచుచుండగా, మా విద్యార్థుల యీడు బాలుడొకడు స్పృహ తప్పెను. అన్న అతనిని మోసికొని రాజూచెను. మారుతండ్రి సహాయమునకై పరుగెత్తెను. బాలుడు బాటమీదనే మరణించెను. తండ్రియు వాహనము లోయలో పడి మరణించెను. వారు ప్రేమ లేనివారు కారు, ధైర్యము లేనివారును కారు. ఎండ మాత్రము ఎవరి ప్రేమను లెక్కింపలేదు.

కావున నడకకు పోవు బాలురు ఈ నియమములు మఱవకుందురు గాక: తెల్లవాఱగనే బయలుదేరి ఎండ ముదురకమున్నే తిరిగి రావలెను. అట్టి యెడారిలో మనిషికి దినమునకు ఒక గాలను నీరు, అనగా సుమారు 4 లీటర్లు, ఉండవలెను. మిగిలిన నీరు సగమగునప్పటికి వెనుకకు మళ్లవలెను. ఒంటరిగా పోరాదు, పోవు దారియు వచ్చు వేళయు ఇంటిలో చెప్పిపోవలెను. తల తిరిగినయెడల సిగ్గుపడక వెంటనే చెప్పవలెను.

చుట్టుబాట గట్టెక్కి మనలను మొదలిడిన వాగుచెంతకే తెచ్చి విడచినది. పైనుండి చూచినచో నది సన్నని ఆకుపచ్చని చాఱవలె కనబడును. బాట చిన్నదే. కాని క్షేమముగా ఇల్లు చేరినవాడే దానిని పూర్తిగా నడచినవాడు.