రాత్రివేళ కుందేలుకు జబ్బు చేస్తే..?
పగటిపూట సిద్ధపడితేనే ప్రాణం దక్కేది

హన్మకొండ: రాత్రి పదకొండు గంటలు దాటింది. ఇంటిల్లిపాదీ నిద్రకు ఉపక్రమిస్తున్నారు. పిల్లలు పెంచుకుంటున్న కుందేలు గూటిలో ఓ మూలకు ముడుచుకుని కూర్చుంది. సాయంత్రం వేసిన క్యారెట్ ముక్క అలాగే ఉంది. గూటి అడుగున పెంటికలు లేవు. పళ్లు కొరుకుతున్న చప్పుడు వినిపిస్తోంది. 'తెల్లవారాక ఆసుపత్రికి తీసుకెళ్దాంలే' అని పెద్దలు సర్దిచెబుతారు. తెల్లవారేసరికి కుందేలు ఉండదు. పిల్లలు అడిగే ప్రశ్నకు పెద్దల వద్ద జవాబూ ఉండదు. వరంగల్, హన్మకొండ, కాజీపేట త్రినగరిలో కుందేళ్లు పెంచే ఇళ్లకు ఈ దృశ్యం కొత్త కాదు. ప్రేమకు లోటు లేకున్నా సమాచారం కొరవడటమే ఇందుకు కారణం. కుందేలు జబ్బు ఎంత వేగంగా ముదురుతుంది, రాత్రివేళ ఎవరిని సంప్రదించాలి, వైద్యుడు అందేలోగా ఏం చేయాలి, ఏం చేయరాదు అన్నవి ముందే తెలిసి ఉంటే చాలా ప్రాణాలు నిలుస్తాయి.

ఎందుకింత తొందర?

కుక్క ఒక పూట తినకపోతే పెద్దగా ఆందోళన చెందనవసరం లేదు. కుందేలు విషయం వేరు. అది పీచు పదార్థంపై బతికే జీవి. దాని పేగులు రేయింబవళ్లు కదులుతూనే ఉండాలి. మేత ఆగితే పేగుల కదలిక మందగిస్తుంది. లోపల వాయువు చేరి నొప్పి మొదలవుతుంది. నొప్పి వల్ల మేత ముట్టదు. మేత ముట్టకపోవడం వల్ల కదలిక మరింత తగ్గుతుంది. ఈ వలయంలో చిక్కుకున్న కుందేలు ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణాపాయ స్థితికి చేరుతుంది. పైగా దానికి వాంతి చేసుకునే శక్తి లేదు. కడుపులో చేరినది వెనక్కి రాదు.

మరో చిక్కు దాని స్వభావంలోనే ఉంది. నక్కకు, డేగకు ఆహారమయ్యే ప్రాణి గనుక కుందేలు తన బలహీనతను చివరి వరకూ దాచుకుంటుంది. యజమాని కంటికి జబ్బు కనిపించేసరికే అది సగం ముదిరి ఉంటుంది. అందువల్లే పన్నెండు గంటలపాటు మేత తినకపోయినా, పెంటికలు వేయకపోయినా అత్యవసరంగా భావించాలన్నది పశువైద్యంలో అంగీకృత సూత్రం. రాత్రి పదికి గుర్తించిన జబ్బుకు మర్నాడు పది గంటలకు వైద్యం చేయిద్దామనుకుంటే ఆ పన్నెండు గంటలూ ఇంట్లోనే గడిచిపోతాయి.

వ్యవస్థ పశువుల కోసం

మన పశువైద్య వ్యవస్థ పాడి గేదెలు, ఎడ్లు, గొర్రెలు, మేకల కోసం రూపుదిద్దుకుంది. అందులో తప్పు పట్టవలసింది లేదు. 2019లో జరిగిన 20వ పశుగణనలో సుమారు 1.90 కోట్ల గొర్రెలతో తెలంగాణ దేశంలోనే మొదటి స్థానంలో నిలిచింది. రైతు బతుకు వాటిపై ఆధారపడి ఉన్నప్పుడు వైద్యుల దృష్టి అటే ఉండటం సహజం. అయితే గ్రామీణ పశువైద్య కేంద్రాలు ప్రధానంగా పగటి వేళల్లో పనిచేస్తాయి. పట్టణాల్లోని ప్రైవేటు క్లినిక్‌లకు వచ్చేవాటిలో అధికశాతం కుక్కలు, పిల్లులే. ఈ పరిస్థితిలో అర్ధరాత్రి కుందేలు జబ్బు తెలిసిన వైద్యుడిని వెతకడం కుందేటి కొమ్మును వెతకడమే అవుతోంది.

సంచార పశువైద్య వాహనాల కోసం 1962 నంబరు ఉంది. తెలంగాణలో ఈ సేవ 2017లో మొదలైంది. ఇది ముఖ్యంగా పల్లెల్లోని పాడిపశువుల కోసం ఉద్దేశించింది. కుందేలుకు సేవ అందుతుందా, తమ ప్రాంతంలో ఏ వేళల వరకు వాహనం తిరుగుతుందన్నది అవసరం రాకముందే ఫోన్ చేసి తెలుసుకోవడం మేలు. రాత్రివేళ దీనిపైనే పూర్తిగా ఆధారపడటం సరికాదు. 108 వాహనం మనుషుల కోసం. పశువుల విషయమై దానికి ఫోన్ చేయరాదు.

ఈ లక్షణాలు కనిపిస్తే ఆగరాదు

* పన్నెండు గంటలుగా మేత ముట్టకపోవడం, పెంటికలు ఆగిపోవడం లేదా మిరియాలంత చిన్నవై పోవడం.
* పొట్ట డోలులా బిగిసి ఉబ్బడం, గట్టిగా పళ్లు కొరకడం, వీపు వంచి ముడుచుకుని కూర్చోవడం.
* నోరు తెరిచి ఊపిరి పీల్చడం. కుందేలు ముక్కుతోనే శ్వాసిస్తుంది. నోరు తెరిచిందంటే ఊపిరి అందడం లేదని అర్థం.
* చెవులు కాలిపోతూ, నోటి చుట్టూ తడితో, నేలకు కరుచుకుని పడి ఉండటం. ఇది వడదెబ్బ లక్షణం.
* వెనుక కాళ్లు ఈడ్చడం, మెడ ఒకవైపు వాలిపోవడం, మూర్ఛలు.
* తోక కింద తడిసిన బొచ్చులో ఈగలు గుడ్లు పెట్టి పురుగులు పట్టడం.
* కుక్క లేదా పిల్లి కరవడం. పైకి చిన్న గాటుగా కనిపించినా పిల్లి పంటి గాయం లోపల చీము పడుతుంది.
* పిల్ల కుందేళ్లలో నీళ్ల విరేచనాలు.

మూత్రం ఎర్రగా కనిపించినంత మాత్రాన రక్తమని బెంబేలు పడనవసరం లేదు. కొన్ని రకాల ఆకులు తిన్నప్పుడూ ఆ రంగు వస్తుంది. కుందేలు హుషారుగా మేస్తుంటే ఉదయం వరకు వేచి చూడవచ్చు. మేత మానేసినా, మూత్రానికి ముక్కుతున్నా వెంటనే వైద్యుడికి చూపించాలి.

వైద్యుడు దొరికేలోగా

ముందుగా ఒంటి వేడిని గమనించాలి. ఆరోగ్యంగా ఉన్న కుందేలు ఉష్ణోగ్రత సుమారు 38.5 నుంచి 40 డిగ్రీల సెల్సియస్ వరకు ఉంటుంది. మనిషికి జ్వరమనిపించేది దానికి మామూలు స్థితి. చెవులు, పాదాలు చల్లబడి ఉంటే పరిస్థితి విషమించిందని గుర్తించాలి. గోరువెచ్చని నీళ్లు నింపిన సీసాను తువ్వాలులో చుట్టి పక్కన ఉంచాలి. కుందేలు కావాలంటే దూరం జరిగేలా చోటు ఉండాలి.

వడదెబ్బ అయితే దీనికి భిన్నంగా చేయాలి. మే నెలలో ఓరుగల్లు ఎండలు 42 డిగ్రీలు దాటడం సర్వసాధారణం. కుందేలుకు 30 డిగ్రీలు దాటితేనే ఇబ్బంది మొదలవుతుంది. దానికి చెమట పట్టదు. చెవుల ద్వారానే వేడిని వదులుకుంటుంది. రేకుల షెడ్డు కింద గూడు ఉన్న ఇళ్లలో పగలు కాగిన వేడి రాత్రి వరకూ తగ్గదు. కరెంటు పోయి ఫ్యాను ఆగితే ముప్పే. ఇలాంటప్పుడు నీడకు చేర్చి, మామూలు నీటిలో తడిపిన గుడ్డతో చెవులు తుడవాలి. ఐసు నీటిలో ముంచరాదు. ఒక్కసారిగా చల్లబరిస్తే తట్టుకోలేదు.

చీకటిగా, నిశ్శబ్దంగా ఉండే చోట ఉంచాలి. ఎండుగడ్డి, నీరు అందుబాటులో పెట్టాలి. జంట కుందేలు ఉంటే విడదీయకపోవడమే మంచిది. చివరిసారి ఎప్పుడు తిన్నది, ఎప్పుడు పెంటికలు వేసింది, కొత్తగా ఏం పెట్టారన్నది కాగితంపై రాసుకోవాలి. వైద్యుడు అడిగే మొదటి ప్రశ్నలు ఇవే.

ఇవి చేయరాదు

తెలియక చేసే ఉపకారం జబ్బు కన్నా ఎక్కువ కీడు చేస్తుంది. ఇంట్లో మిగిలిన అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్ వంటి మాత్రలు నోటి ద్వారా వేయరాదు. పిల్లలకు దగ్గుకు, జ్వరానికి రాసే ఈ మందులు కుందేలు పేగుల్లోని మేలుచేసే సూక్ష్మజీవులను చంపి, విషం పుట్టించే వాటికి చోటిస్తాయి. క్లిండామైసిన్, లింకోమైసిన్, ఎరిత్రోమైసిన్ కూడా ఇదే కోవలోకి వస్తాయి. కుక్కల గోమార్లకు వాడే ఫిప్రోనిల్ స్ప్రేను కుందేలుపై చల్లరాదు. అది దాని పాలిట విషం.

పొట్ట బిగిసి ఉన్నప్పుడు సిరంజితో బలవంతంగా ఆహారం పట్టరాదు. పేగు మూసుకుపోయి ఉంటే ప్రాణం మీదికి వస్తుంది. స్పృహ తప్పి ఉన్నప్పుడు నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పాలు, చక్కెర నీళ్లు, అన్నం పెట్టరాదు. చెవులు పట్టి ఎత్తడం మన పల్లెల్లో పాత అలవాటు. దాన్ని మానాలి. ఒక చేయి రొమ్ము కింద, మరో చేయి వెనుక భాగం కింద ఉంచి ఎత్తాలి. వెనుక కాళ్లకు ఆధారం లేక గట్టిగా తన్నుకుంటే వెన్నెముక విరిగే ప్రమాదం ఉంది.

కుందేలును కాపాడబోయి మనిషికి కుక్క కాటు తగిలితే ఆ గాయాన్ని నిర్లక్ష్యం చేయరాదు. పావుగంటపాటు సబ్బు, ధారగా పడే నీటితో కడిగి, ఎంజీఎం వంటి ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా వేయించుకోవాలి.

పగలే వెతుక్కోవాలి

రాత్రి వైద్యానికి ఏర్పాటు పగలే జరగాలి. కుందేలును ఇంటికి తెచ్చిన వారంలోనే సాధారణ పరీక్ష పేరిట ఓ పశువైద్యుడి వద్దకు తీసుకెళ్లాలి. కొన్ని ప్రశ్నలు మొహమాటం లేకుండా అడగాలి. కుందేళ్లకు లోగడ చికిత్స చేశారా? రాత్రి ఫోన్ చేస్తే స్పందిస్తారా? ఊళ్లో లేకపోతే ఎవరి వద్దకు వెళ్లాలి? రాత్రి రుసుము ఎంత? ఎక్స్‌రే, ఆక్సిజన్ సదుపాయం ఉందా?

మరో ప్రశ్న అనుభవాన్ని ఇట్టే పట్టిస్తుంది. ఆపరేషన్‌కు ముందు రాత్రంతా ఉపవాసం ఉంచాలా అని అడగాలి. కుక్కకు, పిల్లికి వాంతి భయం ఉంటుంది కాబట్టి ఉపవాసం అవసరం. వాంతి చేసుకోలేని కుందేలును పస్తుంచితే పేగులు ఆగుతాయి. ఈ తేడా చెప్పగలిగిన వైద్యుడిని నమ్మవచ్చు.

కుందేలు జబ్బుల్లో అనుభవం ఉన్నవారు దగ్గరలో లేకపోతే నిరాశ చెందనవసరం లేదు. నొప్పి తగ్గించడం, చర్మం కింద ద్రవాలు ఎక్కించడం, ఒంటిని వెచ్చగా ఉంచడం అన్నవి గొర్రెలకు, కుక్కలకు వైద్యం చేసే ఏ పశువైద్యుడైనా చేయగలిగిన పనులే. మోతాదుపై సందేహం ఉంటే అనుభవజ్ఞుడైన మరో వైద్యుడు ఫోన్‌లో సలహా ఇవ్వవచ్చు. అందుకే రెండు నంబర్లు రాసి పెట్టుకోవాలి. ఒకటి ఇంటికి దగ్గరలోని వైద్యుడిది, రెండోది దూరాన ఉన్నా కుందేళ్ల గురించి తెలిసిన వైద్యుడిది. మామునూరులో పశువైద్య కళాశాల ఉండటం మన ప్రాంతానికి కలిసివచ్చే అంశం. అక్కడ ఏయే వేళల్లో చికిత్స అందుతుందో పగటిపూట వెళ్లి విచారించుకోవాలి.

హైదరాబాద్ తీసుకెళ్లాలా?

రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల, నారాయణగూడలోని ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల, పలు ప్రైవేటు ఆసుపత్రులు రాజధానిలో ఉన్నాయి. హన్మకొండ నుంచి దూరం దాదాపు 145 కిలోమీటర్లు. ప్రయాణం సుమారు మూడు గంటలు. ముందుగా ఫోన్ చేసి, వైద్యుడు ఉన్నారని, కుందేలును చూస్తారని రూఢి చేసుకున్నాకే బయలుదేరాలి. మూసి ఉన్న తలుపు ముందు తెల్లవారుజామున నిలబడే అవస్థ పగవాడికీ వద్దు. వీలైతే ఇక్కడే నొప్పి మందు, ద్రవాలు ఇప్పించి తీసుకెళ్లాలి. చికిత్స లేకుండా మూడు గంటల ప్రయాణం బలహీనపడిన కుందేలుకు మరో దెబ్బ అవుతుంది.

గాలి ఆడే పెట్టెలో జారకుండా పాత తువ్వాలు పరిచి, ఎండుగడ్డి వేసి, పైన పలుచని గుడ్డ కప్పాలి. ద్విచక్ర వాహనంపై ఒడిలో పెట్టుకుని వెళ్లడం ప్రమాదకరం. కారు లేదా ఆటో ఉత్తమం.

నివారణే చౌక

రాత్రి అవస్థల్లో చాలావాటికి మూలం పగలు పెట్టే మేతలో ఉంది. ఆహారంలో అధికభాగం ఎండుగడ్డి, గరిక వంటి పీచు ఉండాలి. కుందేలు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. గడ్డి నమలకపోతే అవి అరగక, చెంపలకు, నాలుకకు గుచ్చుకుని మేత మానేస్తుంది. సినిమాల్లో, బొమ్మల్లో చూసి క్యారెట్టే దాని ఆహారమనుకోవడం పొరపాటు. అందులో చక్కెర ఎక్కువ. అప్పుడప్పుడు చిన్న ముక్క చాలు. బిస్కట్లు, బ్రెడ్డు అసలే వద్దు. ప్రతిరోజూ పెంటికలు గమనించడం, వారానికోసారి తూకం వేయడం అలవాటు చేసుకోవాలి. తూకం తగ్గడం జబ్బుకు తొలి సూచన.

చక్కగా చూసుకుంటే కుందేలు ఎనిమిది నుంచి పన్నెండేళ్లు బతుకుతుంది. పుట్టినరోజు కానుకగా కొనిచ్చే పెద్దలు ఈ మాట గుర్తుంచుకోవాలి. చేలల్లో దొరికే అడవి చెవులపిల్లిని మాత్రం పెంచరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం.

చేయదగింది ఉంది

బ్రిటన్‌లో పశువైద్యులు ఇరవై నాలుగు గంటలూ అత్యవసర ప్రథమ చికిత్స, నొప్పి నివారణ అందేలా చర్యలు తీసుకోవాలని వారి వృత్తి నియమావళి నిర్దేశిస్తోంది. ప్రతి వైద్యుడూ రాత్రంతా మేల్కొని ఉండాలని దీని అర్థం కాదు. వంతులవారీగా పనిచేయడం, రాత్రి కేసులను ఒక కేంద్రానికి అప్పగించడం వంటి పద్ధతులు అక్కడ ఉన్నాయి. త్రినగరిలోని పశువైద్యులు వారానికో రాత్రి చొప్పున వంతులు వేసుకుని, ఆ జాబితాను క్లినిక్‌ల తలుపులపై అంటిస్తే సగం సమస్య తీరుతుంది. కుందేళ్లకే కాదు, అర్ధరాత్రి ఈనలేక అవస్థపడే మేకకూ ఆ జాబితా ఉపయోగపడుతుంది.

అప్పటివరకు ఎవరి జాగ్రత్త వారిదే. గోడ గడియారం పక్కన రెండు ఫోన్ నంబర్లు, గూటి పక్కన ఓ పెట్టె, అందులో పాత తువ్వాలు, ఓ థర్మామీటరు. ఇందుకు పెద్దగా ఖర్చు లేదు. ఈ ఆదివారమే సిద్ధం చేసుకుంటే, రాత్రి పదకొండుకు గూటిలో కదలిక ఆగినప్పుడు 'తెల్లవారాక చూద్దాం' అనే మాట ఆ ఇంట వినిపించదు.