రాగి కాణీలు - ఇంటి త్రాసు

మన ఇండ్లలో పాత భోషాణముల అడుగునను, అటక మీది ఇత్తడి చెంబులలోను రాగి కాణీలు ఇంకను కనబడుచునే యున్నవి. వానితో వస్తువు కొని ఎన్నియో ఏండ్లయినది. అయినను పారవేయుటకు ఎవరికిని చేతులు రావు. పెద్దలు దాచిన సొమ్ము, అందులోను రాగి! పంపకముల నాడు మాత్రము ఆ చెంబు నడుమకు వచ్చును.

ఇటీవల ఒక శ్రోత వ్రాసిన ఉత్తరమే ఈ ప్రసంగమునకు కారణము. తల్లిగారు విడిచిపోయిన కాణీలను ముగ్గురు అక్కచెల్లెండ్రు లెక్కపెట్టి సరిసమానముగ పంచుకొనిరట. ఇంటికి పోయి చూచుకొనగా ఒకరి మూట బరువుగాను, మరొకరిది తేలికగాను ఉన్నదట. నాణెములకంటె మాటలు ఎక్కువైనవి. "వీనిని తూచి పంచుకొందమనుకొనుచున్నాము. తక్కువ వెలలో ఎట్టి త్రాసు కొనవలెను?" అని ఆమె ప్రశ్న.

ప్రశ్న త్రాసును గూర్చినదే అయినను, సమాధానము నాణెముతో మొదలుపెట్టవలసి యున్నది. లెక్క సరిగా నుండియు బరువు ఏల తప్పినది?

కాణీ అనగా అణాలో నాలుగవ వంతు. 1835 లో ఈస్టిండియా కంపెనీవారు దేశమంతటికి ఒకే విధమైన నాణెములను ఏర్పరచినపుడు దాని బరువు 100 గ్రెయిన్లుగా నిర్ణయించిరి. అది మన నేటి లెక్కకు 6.48 గ్రాములు. దమ్మిడీ అందులో మూడవ వంతు, అర్ధణా రెండింతలు. విక్టోరియా రాణి బొమ్మ గల కాణీలును ఈ తూకమువే. ఎడ్వర్డు రాజు కాలమున, 1906 లో, రాగికి బదులు కంచును, అనగా రాగిలో కొంచెము తగరము, తుత్తునాగము కలిపిన లోహమును వాడుట మొదలు పెట్టిరి. అప్పుడే కాణీ బరువును 75 గ్రెయిన్లకు, అనగా 4.86 గ్రాములకు తగ్గించిరి. బిళ్ల వెడల్పు ఇంచుమించు పూర్వమువలెనే యున్నది, మందము మాత్రము తగ్గినది. రెండవ ప్రపంచ యుద్ధకాలమున, 1943 లో, నడుమ చిల్లు పొడిచిన కాణీ వచ్చినది. అది సుమారు 2 గ్రాములు. 1957 ఏప్రిల్ 1 నుండి దశాంశ నాణెములు వచ్చిన తరువాతి కంచు నయాపైస గ్రామున్నర మాత్రమే.

కావున నూరు విక్టోరియా కాణీల మూట 648 గ్రాములు తూగగా, 1906 తరువాతి కంచు కాణీలు నూరు 486 గ్రాములే తూగును. అక్కచెల్లెండ్రలో ఎవరును మోసము చేయలేదు. చేతికి వచ్చిన నాణెములు వేరు, అంతే.

ఇక్కడ ఒక చక్కని పొందిక ఉన్నది. మూడు పాత రాగి కాణీలు 300 గ్రెయిన్లు, నాలుగు కంచు కాణీలును 300 గ్రెయిన్లే. పాత రూపాయి 180 గ్రెయిన్లు, అదియే తులము. తొమ్మిది రాగి కాణీలు కాని, పండ్రెండు కంచు కాణీలు కాని ఐదు తులముల యెత్తు. మన ముత్తవ్వలు రూపాయి వేసి బంగారము తూపించుకొనిరన్న ఆ రూపాయి డబ్బే కాదు, పడికట్టు కూడ. నాణెమే తూకపురాయిగా నుండిన ఆ కాలము మనకు ఇప్పటికిని ఉపకరించును. ఎట్లో చెప్పెదను.

నాణెములను వేరుచేయుట చాలవరకు కంటితోనే జరుగును. మీదనున్న సంవత్సరము చూచి 1906 కు ముందువి ఒక కుప్ప, తరువాతివి ఒక కుప్ప, చిల్లు కాణీలొక కుప్ప పెట్టవచ్చును. చిక్కంతయు 1906 నాటి కాణీతోనే. ఆ యేట రాగివియు ముద్రించిరి, కంచువియు ముద్రించిరి. అదే రాజు బొమ్మ, అదే సంవత్సరము. ఏండ్ల తరబడి నల్లబడిన పిమ్మట రంగు చూచి చెప్పుట కష్టము. అమెరికా దేశమున 1982 నాటి సెంటు నాణెముతో ఇదే చిక్కు వచ్చినది. ఆ యేటి నడుమ, నూటికి 95 పాళ్లు రాగి గల 3.11 గ్రాముల సెంటును మాని, తుత్తునాగము మీద పలుచగ రాగిపూత పూసిన 2.5 గ్రాముల సెంటును తెచ్చిరి. అచ్చటి వారును ఆ యేటి నాణెములను తూచియే వేరుచేయుచున్నారు. మన కాణీలో భేదము 1.62 గ్రాములు, వారి సెంటులో 0.61 గ్రాములు. మన పని వారి పనికంటె సులభము.

ఇక త్రాసు. బజారునకు పోయిన వెంటనే అంగడివాడు "ఎన్ని దశాంశములు చూపవలెను?" అని అడుగును. అతనికి సమాధానము చెప్పుటకు ముందు మనలను మనమే రెండు ప్రశ్నలు వేసికొనవలెను. మనము గుర్తింపవలసిన మిక్కిలి చిన్న భేదమెంత? ఒక్కమారుగా ఎత్తవలసిన మిక్కిలి పెద్ద కుప్ప ఎంత? ఈ రెండును ఒకే త్రాసుతో తీరవు. రెంటికిని ఒకటే కొనబోయినవారే ఎక్కువ డబ్బు పోసెదరు.

వంటింట వాడు ఎలక్ట్రానిక్ త్రాసు సాధారణముగ 5 లేక 10 కిలోల వరకు, గ్రాముకొక అంకె చొప్పున చూపును. దాని లోపల ఒక లోహపు కడ్డీ ఉండును. బరువు పడినపుడు అది కంటికి కానరానంత వంగును. దానికి అంటించిన పలుచని రేకులో విద్యుత్తునకు కలుగు నిరోధము ఆ వంపును బట్టి మారును. ఆ మార్పే అంకెగా కనబడును. కుప్పలు తూచుటకు ఈ త్రాసు చక్కగ సరిపోవును. ఒంటి కాణీకి మాత్రము పనికిరాదు. 6.48 గ్రాముల రాగి కాణీని 6 అని, 4.86 గ్రాముల కంచు కాణీని 5 అని చూపును. ఆ ఒక్క అంకె భేదమును నమ్మి తీర్పు చెప్పుటకు వీలులేదు. పైగా సున్న దగ్గర అతి స్వల్పమైన బరువులను లెక్కచేయకుండునట్లు కొన్నిటిని అమర్చియుందురు. కావున నాణెములను ఒకటొకటిగా జారవిడువక, ముందు ఒక గిన్నె పెట్టి, అంకెను సున్న చేసి, అన్నిటిని ఒకేసారి పోయవలెను.

ఒంటి నాణెమునకు జేబులో ఇముడు చిన్న త్రాసులు కొన్ని వందల రూపాయలకే దొరకును. 200 లేక 500 గ్రాముల వరకు తూచి, గ్రాములో పదవ వంతు చూపునది చాలును. నూరవ వంతు చూపు త్రాసు మరింత నిజమైనదని భ్రమపడరాదు. అంకెలు ఎక్కువ చూపుట వేరు, సరిగ చూపుట వేరు. పంకా గాలికి కూడ ఆ చివరి అంకె గంతులు వేయుచుండును. కంసాలి తన త్రాసును అద్దాల పెట్టెలో పెట్టుకొనుట గాలికి భయపడియే కదా!

ఏది కొన్నను, అంగడిలోనే పరీక్షింపుడు. ఇచ్చటనే నాణెము తూకపురాయిగా పనికివచ్చును. 2011 మొదలు 2018 వరకు ముద్రింపబడిన పసుపు వన్నె ఐదు రూపాయల నాణెము 6 గ్రాములు. 2019 లో వచ్చిన క్రొత్త ఆకృతి నాణెము ఇంతకంటె బరువు గనుక దానిని కలుపరాదు. అరగని నాణెములు పదింటిని పెట్టిన 60 గ్రాములు చూపవలెను. తీసి మరల పెట్టుడు. అదే అంకె రావలెను. నడుమ పెట్టినను, నాలుగు మూలల పెట్టినను అంకె మారరాదు. ఈ మూడు పరీక్షలలో ఒకటి తప్పిన త్రాసును, ఎన్ని దశాంశములు చూపినను, తిరిగి ఇచ్చివేయుట మంచిది.

డబ్బే పెట్టదలచని వారికి ఇంకొక ఉపాయమున్నది. 1906 కాణీ రాగిదా, కంచుదా అని తేల్చుటకు దాని బరువు ఎన్ని గ్రాములో తెలియనక్కరలేదు. రాగి కాణీకి సరితూగునా, తూగదా అన్నదే ప్రశ్న. వెదురు బద్దకు నడుమ దారము కట్టి, చివరలను రెండు కొబ్బరి చిప్పలు వ్రేలాడదీసి, ఒక చిప్పలో 1900 ప్రాంతపు విక్టోరియా కాణీని, రెండవ దానిలో అనుమానపు కాణీని వేయుడు. నాలుగింట ఒక వంతు భేదమును కొబ్బరి చిప్పల త్రాసు కూడ దాచలేదు. అరిగిపోయిన రాగి కాణీ కొంత తేలిక కావచ్చును గాని, సంవత్సరము చదువనగునట్టి నాణెము కంచు బరువునకు దిగిపోవునంతగా అరుగదు.

తక్కెడను గూర్చి మాటలాడునపుడు మా ఇంటి కథ చెప్పక తప్పదు. మా నాయనమ్మ చెంబును నేనును మా అన్నయ్యయు ఒక పాత లోహముల అంగడికి తీసికొనిపోతిమి. ఇంటిలో తూచినపుడు ఐదు కిలోలకు పైగా ఉన్నది. అచ్చట నాలుగున్నర చిల్లర. చదువుకొన్నవాడినైయుండియు నేను ఇంటి త్రాసునే అనుమానించితిని. అన్నయ్య మాత్రము "చిప్పలు మార్చి తూచుము" అనెను. నాణెములను రాళ్లున్న చిప్పలోనికి, రాళ్లను నాణెములున్న చిప్పలోనికి మార్చగా తూకము ఐదున్నర దాటినది. రాళ్ల చిప్ప అడుగున చింతపండు ముద్ద ఒకటి అంటుకొనియున్నది. అది ఎట్లు వచ్చినదో తనకు తెలియదని అంగడివాడు ప్రమాణము చేసెను.

చిప్పలు మార్చిన తూకము మారినచో ఆ తక్కెడ నిజమైనది కాదు. అట్టిదానితో కూడ నిజమైన తూకము రాబట్టవచ్చును. నాణెములను ఒక చిప్పలో పోసి, రెండవ చిప్పలో సరితూగువరకు ఇసుక పోయుడు. తరువాత ఇసుకను కదల్పక, నాణెములను మాత్రము తీసివేసి వాని చోటనే తూకపురాళ్లు పెట్టుడు. ఇసుకకు సరితూగిన రాళ్ల బరువే నాణెముల బరువు. నాణెములును రాళ్లును ఒకే చిప్పలో కూర్చుండినవి గనుక ఆ చిప్ప దోషము రెంటికిని సమానమే. అయితే రాళ్లు నిజమైనవిగా ఉండవలెను. వర్తకమునకు వాడు త్రాసులపైనను రాళ్లపైనను తూనికలు కొలతల శాఖవారి ముద్ర ఉండవలెనని 2009 నాటి చట్టము. అమ్మబోవు ముందు ఆ ముద్ర ఎక్కడనో చూపుమని అడుగుటకు మొగమాటపడనక్కరలేదు.

లెక్కపెట్టు ఓపిక లేక తూచి లెక్క తేల్చువారును కలరు. ఇరువది కాణీలను తూచి, దానినిబట్టి వేయింటి లెక్క కట్టిన నాలుగైదు నాణెములు తప్పవచ్చును. ఏలయన మొదటి తూకములోని అరగ్రాము పొరపాటు ఏబదింతలై కూర్చుండును. నూరింటిని చేతితో లెక్కించి తూచినచో తప్పు ఒక నాణెమునకు మించదు. అదియు ఒకే విధమైన అరుగుదల గల కుప్పయైనపుడే సుమా! వేయి రాగి కాణీలు ఆరున్నర కిలోలకు దగ్గర గనుక, 5 కిలోల త్రాసు గలవారు రెండు విడతలుగ తూచుకొనవలెను.

త్రాసు చెప్పలేనిదియు ఒకటి ఉన్నది. 1962 నుండి కొంతకాలము పైసను కంచుతోగాక నికెలు కలిపిన ఇత్తడితో చేసిరి. దాని బరువును గ్రామున్నరయే. అచ్చట త్రాసు మూగబోవును. పసుపు వన్నెను చూచి కన్నే చెప్పవలెను.

వేరుచేయుటకు ముందు నాణెములను చింతపండుతో తోమబోకుడు. దేవుని పళ్లెమునకు తగినది నాణెమునకు తగదు. పులుపు పైపొరతో పాటు కొంత లోహమును కూడ తినివేయును. తోమిన నాణెమును సేకరించువారు ముట్టరు. మెత్తని గుడ్డతో దుమ్ము తుడిచిన చాలును. నూరేండ్లు దాటిన నాణెములు 1972 నాటి చట్టము ననుసరించి పురావస్తువులు. కావున విదేశములలోనున్న పిల్లలకు జ్ఞాపికగా పంపుటకు వీలులేదు.

ఉత్తరము వ్రాసిన సోదరికి మా సలహా ఇది. ముగ్గురి మూటలను మరల ఒకచోట కలిపి, రాగివి, కంచువి, చిల్లువి వేరుచేసి, ఏ కుప్పకాకుప్పను మూడు పాళ్లు చేయుడు. అప్పుడు లెక్కయు బరువును రెండును కలిసివచ్చును. వంటింటి త్రాసు మీకు ఉన్నదన్నారు గనుక క్రొత్తది కొననక్కరలేదు. 1906 నాటివి ఏడున్నవని వ్రాసినారు. వానికి కొబ్బరి చిప్పలు చాలును.